చుట్ట సంగతి అడక్కుండా బీపీ చూశాను

ఇంటర్ బైపీసీ అయిపోయింది. మేలో నీట్ రాసి ఫలితాల కోసం చూస్తున్న రోజులవి. ఖాళీగా ఉంటే బుర్ర పాడవుతుందని మా పిన్ని నన్ను తనకు తెలిసిన ఆశా అక్కకు, అంటే పల్లెలో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తకు, అప్పజెప్పింది. కళింగపట్నం దగ్గర మత్స్యకారుల పల్లె. పొద్దున్నే శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కేదాన్ని. నా పని రిజిస్టర్ రాయడం, బీపీ చూడటం. బటన్ నొక్కితే అంకె వస్తుంది కదా, ఇందులో నేర్చుకునేదేముంది అనుకున్నాను.

మూడో రోజు ఒక మామ్మ చేపల తట్ట దించి అరుగు మీద కూర్చుంది. కూర్చోగానే పట్టీ చుట్టేశాను. 168/98. నా ముఖం మారిపోయి ఉంటుంది.

"ఏటి గుంటా, సచ్చిపోతానా ఏటి?"

"చాలా ఎక్కువుంది మామ్మా" అని అందరికీ వినబడేలా అనేశాను. పక్కింటి వాళ్లు ఆమెకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

అక్క వచ్చి ఒక్కటే అడిగింది. "అత్తా, చుట్ట ఎప్పుడు కాల్చినావు?" "ఇందాకే, ఒడ్డు కాడ" అంది మామ్మ. బీపీ చూసే ముందు అరగంట పొగ, టీ ఉండకూడదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి. ఇవేవీ నేను చెయ్యలేదు. అరగంట ఆగి చూస్తే 146/88. ఇదీ ఎక్కువే, మళ్లీ చూడాల్సిందే. కానీ అంత భయపెట్టాల్సింది కాదు.

ఆ అరగంటలోనే మామ్మ నోరు చూశాను. మా తీరంలో చాలామంది ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఎందుకలా అంటే "గాలికి ఆరిపోదు, మాయమ్మ కూడా అలాగే తాగేది" అంది. అక్క టార్చి వేసింది. అంగిలి సున్నం పూసినట్టు తెల్లగా ఉంది, మధ్యలో ఎర్రటి చుక్కలు. ఆ చుక్కలు వాచిన లాలాజల గ్రంథుల నోళ్లట. ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అంగిలికే. అందుకే ఇక్కడ అంగిలి క్యాన్సర్ వస్తుంది. మన జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మందిని పరీక్షించి, అడ్డపొగ గురించి 1971లోనే పరిశోధకులు రాశారు. జిల్లాలో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి మామ్మ నోరు చూశాకే తెలిసింది.

ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నాను. చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఒక్కరోజు క్యాంపుకెళ్లి ఫొటో, సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోదు. ఒకే పల్లెకు పదిసార్లు వెళ్లండి. నాలుగోసారికి గానీ మనుషులు అసలు విషయం చెప్పరు. మామ్మ పెద్దాసుపత్రిలో నోరు చూపించుకోవడానికి ఒప్పుకున్నది నేను ఆరోసారి వెళ్లినప్పుడు, అదీ అక్క తోడొస్తానంటేనే.

మొన్న సెలవుల్లో వెళ్తే "గుంటా, ఇప్పుడు తిన్నగా కాలుస్తన్నాను" అంది, నాకు సంతోషం కలిగించాలని. ఏమనాలో తోచక అక్క వైపు చూశాను. రోజుకెన్నో అడగమంది. అడిగాను. ఆరు. రిజిస్టర్‌లో కొత్త గడి గీసి రాసుకున్నాను.