పప్పు ఉడికింది, పద్యం ఉడకలేదు

తొమ్మిదో తరగతిలో ఆటవెలది లక్షణాలు చెప్పిన మర్నాడు, సొంతంగా ఒక పద్యం రాసుకురమ్మన్నారు మా తెలుగు మాస్టారు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని గోదావరి మీద రాశాను. ఆయన చదివి, కళ్లజోడు పైకి తోసుకుని, "యతి ఏదమ్మా?" అన్నారు. (పాదం మొదటి అక్షరానికి, అదే పాదంలో చెప్పిన చోట జత కుదిరే అక్షరం పడాలి, అదే యతి.) తిట్టలేదు, కొట్టలేదు. క్లాసంతా నవ్వింది, అంతే. ఆ తర్వాత 31 ఏళ్లు నేను పద్యం జోలికి పోలేదు.

పైగా మాది రాజమండ్రి. నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు. ఇక్కడ కూర్చుని పద్యం రాస్తాననడం, సంగీతం మాస్టారి ఇంటి ముందు ఈల వేసినట్టుంటుంది.

రాయాలని లేక కాదు. కూరలు తరుగుతుంటేనో, ఆటోలో వెళ్తుంటేనో ఒక మాట తడుతుంది. రెండో మాట వచ్చేలోపే లోపల్నుంచి "యతి ఏదమ్మా?" అని వినబడుతుంది. కొన్నాళ్లకు అది మాస్టారి గొంతు కాకుండా పోయింది. అచ్చం నా గొంతే. నా ఉద్యోగం దానికి ఇంకాస్త బలం పోసింది. 22 ఏళ్లుగా ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఓచర్లు సరిచూడ్డమే నా పని. పగలంతా తప్పులు పట్టిన చెయ్యి, సాయంత్రం ఇంటికొచ్చి ఊరుకోమంటే ఊరుకుంటుందా?

పోయిన కార్తీకంలో మా వదిన బలవంతం మీద ఒక అష్టావధానానికి వెళ్లాను. ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు, తలా ఒక పరీక్ష పెడుతుంటే అవధాని ఒక్కరే అందరికీ అప్పటికప్పుడు జవాబివ్వాలి. సమస్య, దత్తపది, వర్ణన అన్నీ బాగానే ఉన్నాయి కానీ, నా కళ్లు నిషిద్ధాక్షరి దగ్గరే ఉండిపోయాయి. అవధాని ఒక అక్షరం చెబుతారు. తర్వాత ఏది రాబోతోందో పసిగట్టి పృచ్ఛకుడు దాన్ని వద్దంటాడు. ఆయన "శ్రీ" అన్నారు. "మ వద్దు" అన్నాడు పృచ్ఛకుడు. ఆయన రెండు క్షణాలు ఆగి "ల" అన్నారు. అలా పాదమంతా నడిచింది. ఒక్కో అక్షరానికీ అడ్డుపుల్ల వేస్తుంటే ఆయన మొహంలో చిరాకు లేదు, సిగ్గు అసలే లేదు.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో తట్టింది. వద్దనే మనిషి వేరే కుర్చీలో కూర్చున్నాడు! అవధాని పని చెప్పడం, ఆ పక్కాయన పని వద్దనడం. నా తలలో మాత్రం ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. మా ఆఫీసులోనైనా అంతే కదా, అమ్మకాలు జరిగాకే ఆడిట్. కొట్లో బేరం జరుగుతుండగా గల్లాపెట్టె పక్కన ఆడిటర్ నిలబడితే ఎవడు సరుకు కొంటాడు?

మర్నాడే ఒక పాత డైరీ తీశాను. రాత్రి పెన్నుతో రాయడం. పొద్దున టీ తాగుతూ పెన్సిలుతో గురులఘువులు (సాగదీసి పలికేవీ, పొట్టిగా పలికేవీ) గుర్తుపెట్టడం. రాత్రిపూట పెన్సిలు ముట్టుకోకూడదు. రూలు అదొక్కటే.

ఆటవెలదినే పట్టుకున్నాను. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే గురులఘువుల చిన్న గుంపు). సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ప్రాస బెడద లేదు. నాలుగో గణం మొదట్లో యతి పడితే చాలు. (వేమనగారికి నాలుగో పాదం మకుటంతో సరిపోయేది, అదృష్టవంతుడు.) మాట తట్టని చోట "తాన తాన" అని రాసేసి ముందుకు పోయేదాన్ని. మొదటి వారం పద్యాల్లో సగం తానలే. మా అమ్మాయి చూసి "అమ్మా, ఇది పద్యమా, జోలపాటా?" అంది.

మూడో వారంలో ఒక రాత్రి ఏమీ తోచలేదు. అప్పుడే కుక్కర్ మూడో విజిల్ వేసింది. సరే, అదే రాద్దామనుకున్నా. రెండో పాదం "పప్పు మెత్తబడియె మాట రాదు" అని వచ్చింది. పెన్ను దింపుతుండగానే తెలుసు, ప-కీ మా-కీ యతి కుదరదని. పాత నేనైతే అక్కడే కాగితం చింపేదాన్ని. పెన్సిలు లేదు కాబట్టి మిగతా రెండు పాదాలూ రాసి పడుకున్నాను. పొద్దున "మాట" కొట్టేసి "పదము" అని పెట్టాను:

మూడు కూతలేసి మూలుగు కుక్కరు
పప్పు మెత్తబడియె పదము రాదు
మూత తీసి చూడ ముద్దయై పోయెను
పద్య మేమొ యింక పచ్చిగింజ

గొప్ప పద్యమేం కాదు. "కూతలేసి" అన్నది చూస్తే పండితులు మొహం చిట్లిస్తారు. కానీ "మాట" కంటే "పదము" బాగుంది, అది నాకు యతి వెతుక్కుంటూ వెళ్తే దొరికింది. నాలుగో పాదమైతే ఆ రాత్రి దానంతటదే వచ్చి కూర్చుంది. రెండో పాదం దగ్గర ఆగిపోయుంటే ఆ పచ్చిగింజ నాకు దక్కేది కాదు.

అందుకే, లోపల తప్పులు పట్టేవాణ్ణి తరిమేయమని ఎవరైనా చెబితే నాకు నచ్చదు. తరిమేస్తే ఆ "మాట" అలాగే ఉండిపోయేది. వాడికి టైము చెప్పాలి. నా దగ్గర వాడు పొద్దున ఆరుంపావుకి డ్యూటీ ఎక్కుతాడు, ఇడ్లీ కుక్కర్ ఎక్కించేలోపు దిగిపోతాడు. పెన్సిలు చేతికొచ్చినా ఈ మధ్య వాడు పెద్దగా కోప్పడ్డం లేదు. ఒక్కోసారి నవ్వుతాడు కూడా.

ఇప్పటికి 96 అయ్యాయి. అందులో ఎవరికైనా వినిపించగలిగినవి 11. మిగతా 85లో మూడు పూర్తిగా తాన తానలే, ఒకటి కరెంటు బిల్లు మీద, ఇంకోటి మా ఆయన గురక మీద. అది ఆయనకి చూపించలేదు.

ఇవాళ్టిది దోసెల పెనం మీద. మూడో పాదంలో ఆగింది. రెండో ఇంద్రగణం సరిపోలేదని నాకు తెలుస్తూనే ఉంది. పెన్సిలు వంటింట్లో ఉంది, నేను హాల్లో ఉన్నాను. "తాన" అని రాసి నాలుగో పాదంలోకి వెళ్తున్నా.