క్లచ్ కేబుల్ మళ్లీ మళ్లీ తెగుతుంటే

తెగిపోయిన క్లచ్ కేబుల్‌ను మెకానిక్ షెడ్డులోనే వదిలేసి రావడం మనలో చాలామందికి అలవాటు. ఏళ్ల తరబడి పనిచేసిన కేబుల్ ఒకసారి తెగితే అందులో వింతేమీ లేదు, కొత్తది వేయించుకుంటే సరిపోతుంది. అలా కాకుండా కొత్త కేబుల్ కొన్ని నెలలకే తెగి, దాని స్థానంలో వేసినది కూడా అదే దారి పట్టిందంటే, దాన్ని తెంపుతున్న కారణం బండిలో ఇంకెక్కడో ఉందని అనుకోవాలి. ఆ కారణం ఎక్కడుందో తెగిన కేబుల్ చాలావరకు చెబుతుంది కనుక, దాన్ని అడిగి ఇంటికి తెచ్చుకోవడం మంచిది.

నాది 800 సీసీ తరగతికి చెందిన పాత పెట్రోలు కారు. రోజూ కడప ఊళ్లో తిరుగుతుంది, అప్పుడప్పుడు 40వ నంబరు జాతీయ రహదారి మీద గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటికి వెళ్లివస్తుంది. కేబుల్ తెగుతోందంటే విన్నవారంతా ఘాట్ రోడ్డునే తప్పుపట్టారు గానీ, నా లెక్కలో దానికి అసలైన శ్రమ సాయంత్రంపూట ఏడురోడ్ల కూడలి దగ్గరే. ఆటోల వెనుక పది అడుగులకొకసారి క్లచ్ నొక్కుతూ పోవలసిన ఆ కాసేపట్లో పడే ఒత్తిడి, ఘాట్ మొత్తం ఎక్కినా పడదు.

కేబుల్ అంటే సన్నని ఉక్కు పోగులను పేనిన తీగ, దాని చుట్టూ ఒక గట్టి తొడుగు, ఆ తొడుగు లోపల తీగ నున్నగా జారడానికి ప్లాస్టిక్ గొట్టం. తీగ ఒక కొస పెడల్ పైభాగంలోని కొక్కేనికి, రెండో కొస గేర్‌బాక్స్ మీది లివరుకు తగిలి ఉంటుంది. తీగ ఒక్కసారిగా తెగదు, పోగు తరువాత పోగు తెగుతూ వస్తుంది. అందువల్ల తెగడానికి కొన్నాళ్ల ముందే క్లచ్ బాగా కిందికి నొక్కితే గానీ విడవకపోవడం, రివర్స్ గేరు వేసేటప్పుడు గరగరమనడం మొదలవుతాయి. ఆ దశలో నట్టు కొంచెం బిగించి పంపించడం షెడ్లలో మామూలే. తెగుతున్న తీగను మరికాస్త లాగి కట్టడం తప్ప దానివల్ల జరిగేదేమీ లేదు.

పెడల్ దగ్గర తెగిందా, లివరు దగ్గర తెగిందా, మధ్యలో తెగిందా అన్నది మొదట చూడాలి. పెడల్ దగ్గరైతే కొక్కెం అరిగి అంచు పదునెక్కడమో, పెడల్ బుష్ (పెడల్ ఇరుసు తిరిగే చిన్న గొట్టం) పోయి పెడల్ పక్కకు ఊగడమో కారణం కావచ్చు. లివరు దగ్గరైతే లివరు షాఫ్టు ఎండిపోయి బిగుసుకుందేమో, కేబుల్ వంకరగా లాగబడుతోందేమో, ఇంజను మౌంటింగులు (ఇంజను కూర్చునే రబ్బరు దిమ్మెలు) కుంగి ఇంజను ఎక్కువగా కదులుతోందేమో చూడాలి. మధ్యలో దెబ్బతింటే అది వెళ్లే దారిలో ఇరుకైన వంపు గానీ వేడి గానీ ఉందన్నమాట.

నా దగ్గరున్న కేబుళ్లలో మొదటిది పెడల్ దగ్గరే తెగింది. టార్చి పట్టుకుని స్టీరింగు కిందికి తల దూర్చి చూస్తే, కొక్కెం లోపలి అంచు మీద తీగ కొస కూర్చునే చోట గోరుకు తగిలేంత గాడి పడి ఉంది. కొక్కేనికి వెల్డింగు పెట్టించి, ఆకురాయితో నున్నగా రాయించి, బుష్ మార్పించాను. ఇది అవసరమైన పనే. అయినా ఆ తరువాత వేసిన కేబుల్ కూడా ఎక్కువకాలం నిలవలేదు.

ఈసారి తీగ మధ్యలో తెగింది. తొడుగును కోసి చూస్తే లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి తీగకు అంటుకుపోయి ఉంది, తీగ అక్కడక్కడ నీలిరంగు తిరిగింది. సైలెన్సర్ వేడి అనుకోవడానికి వీల్లేదు, ఆ భాగం దానికి దూరంగా ఉంటుంది. దాన్ని తీసుకుని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్తే ఆయన చేతిలోకి తీసుకుని, ఒక్క నిమిషం తిప్పి చూసి, "కేబుల్ ఎన్ని మార్చినా ఇంతేనన్నా, దీంట్లో కరెంటు పారతాంది" అన్నాడు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. ఇంజనును స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు 100 ఆంపియర్లకు అటూ ఇటూగా కరెంటు లాగుతుంది, ఆ కరెంటు ఇంజను నుంచి బ్యాటరీ మైనస్‌కు తిరిగి రావాలి. అందుకోసమే లావుపాటి ఎర్తింగ్ వైరు ఉంటుంది. ఆ వైరు లోపల పోగులు తెగినా, బోల్టు దగ్గర తుప్పు పట్టినా కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది కనుక, ఇంజనునూ బాడీనీ కలిపే లోహం క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ లాంటివే. మనం తాళం తిప్పిన ప్రతిసారీ క్లచ్ కేబుల్ హీటరు తీగలా వేడెక్కుతూ వచ్చిందన్నమాట.

పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, మరో కొసను ఇంజను మీద రంగులేని లోహానికి ఆనించి, ఇంకొకరిచేత సెల్ఫ్ కొట్టించాలి. ఎర్తింగ్ బాగుంటే మీటరు సుమారు 0.2 వోల్టుల లోపే చూపుతుంది, నా బండిలో అది ఒక వోల్టు దాటింది. మీటరు లేకపోతే జంపర్ కేబుల్‌తో బ్యాటరీ మైనస్‌నూ ఇంజనునూ కలిపి సెల్ఫ్ కొట్టి చూడవచ్చు. మునుపటికన్నా చురుకుగా తిరిగితే లోపం ఎర్తింగ్‌లోనే. పాత వైరు పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంది గానీ, కొసన తొడుగు చీల్చితే లోపల రాగి పచ్చని పొడిగా రాలింది. కొత్త వైరు వేసి, బోల్టు కూర్చునేచోట రంగునూ తుప్పునూ గీకించాం. ఇన్నాళ్లూ సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని బ్యాటరీని అనుమానించడం కూడా దానితో తీరిపోయింది.

ఇంకో మాట. ప్లాస్టిక్ గొట్టం ఉన్న కేబుల్‌లోకి గ్రీజు ఎక్కించమని సలహా ఇచ్చేవారున్నారు. నాపరాయి గనుల దుమ్ము గాలిలో తిరిగే మన జిల్లాలో ఆ గ్రీజు దుమ్మును పట్టి ఆకురాయిలా పనిచేస్తుందని నా నమ్మకం. కొక్కేనికీ లివరు కీలుకూ కొద్దిగా పూస్తే చాలు.

ప్రస్తుతం ఉన్న కేబుల్ బాగానే పనిచేస్తోంది. పెడల్ ఖాళీ ఆటను, అంటే క్లచ్ మీద లాగుడు పడకముందు పెడల్ ఊరికే కదిలే దూరాన్ని, బండి పుస్తకంలో ఇచ్చిన కొలతకే పెట్టించాను. అయితే పెడల్ ఇంకా బరువుగానే ఉంది. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు స్ప్రింగును నొక్కడానికి ఎక్కువ బలం కావాలి, ఆ బలమంతా కేబుల్ మీదే పడుతుంది. అందుకని వేసవి దాటగానే గేర్‌బాక్స్ దింపించి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగుతో పాటు లివరు షాఫ్టు బుష్‌లు కూడా మార్పించబోతున్నాను. బుష్‌ల ధర తక్కువే, దింపే కూలి ఎలాగూ ఒక్కటే.