అడగాల్సింది నన్ను

పక్షవాతంతో పడిపోయిన కుడిచేత్తో ఇప్పుడు చింతపండులో గింజలు తీయగలుగుతున్నాను కాబట్టి ఇది రాస్తున్నా. కోపమైతే ఇంకా పూర్తిగా పోలేదు.

పోయినేడు ఒక పొద్దున కాఫీ కలుపుతుంటే గ్లాసు జారిపోయింది, మూతి పక్కకి లాగేసింది. స్కాన్లు, ఐసీయూ అందరికీ ఉండేవే, వదిలేస్తాను. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టి కుడిపక్క పడిపోయింది, దాంతోపాటు మాట కూడా. ఎదుటివాళ్లు అనేది చాలావరకు అర్థమయ్యేది, నేను నోరు తెరిస్తే మాత్రం "అద, అద" అనే వచ్చేది. పాతికేళ్లు పిల్లలకి తెలుగు చెప్పిన నోరు!

అయిదో రోజు రాత్రి దాహమేసింది. మా ఆయన కింద చాప మీద నిద్రపోతున్నారు. "ఏవండీ" అనాలి, అంతే. రోజుకి ఇరవైసార్లు అనే ఆ మాట ఎంత వెతికినా దొరకదే! స్కాన్ కోసం గాజులు తీసేశారు, లేకపోతే మంచం కమ్మీకి కొట్టి చప్పుడైనా చేసేదాన్ని. ఇక జన్మంతా ఇంతేనా అనుకుంటూ తెల్లారి నర్సు వచ్చేదాకా గోడ గడియారం చూస్తూ పడుకున్నా.

ఆ పొద్దున్నే ఫైలు పట్టుకుని ఒకబ్బాయి వచ్చాడు. ఏదో ఫిజియోథెరపీ ట్రయల్‌కి, అంటే వైద్యం పనిచేస్తుందో లేదో రోగుల మీద చూసే పరీక్షకి, మనుషులు కావాలట. మా ఆయనతో కాసేపు మాట్లాడి, నావైపు ఒకసారి చూసి, "ఈవిడకి మాట లేదు కదా, మనకి పనికిరారు" అని పక్కనున్నావిడతో అనేసి వెళ్లిపోయాడు. నాకు వినపడదనుకున్నాడేమో. "పోనీలే, ఎలుకల మీద చేసేవి మా వదిన మీదెందుకు" అని మా ఆడపడుచు ఊపిరి పీల్చుకుంది.

రెండు నెలలకి వేరే ఆస్పత్రిలో ఇంకో ట్రయల్. బాగున్న చేతికి గ్లవ్ తొడిగి, పడిపోయిన చేతితోనే పనులు చేయించడం. ఈ ఫిజియో అమ్మాయి స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. బొమ్మల కార్డులు చూపిస్తూ ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది: ఈ కొత్త పద్ధతి గుంపో, మామూలు ఫిజియో గుంపో, దేన్లో పడతానో కంప్యూటర్ తేలుస్తుంది, వద్దన్నా నా వైద్యం ఆగదు, మధ్యలో మానేయొచ్చు. మా ఆయన పెన్ను తీస్తే, "సార్, ఆవిడే చెప్పాలి" అంది. ఎన్ని ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకం పెట్టానో, అలాంటిదాన్ని ఎడమ బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర వేశాను. సిగ్గో సంతోషమో, ఏడుపొచ్చింది.

కంప్యూటర్ నన్ను మామూలు ఫిజియో గుంపులో పడేసింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు (మాట్లాడగలిగితే కదా!). మన దేశంలోనే అటెండ్ అనే ట్రయల్ 14 ఆస్పత్రుల్లో పక్షవాతం వచ్చిన 1250 మందితో చేశారు, ఇంట్లోవాళ్లకి నేర్పి చేయించిన వ్యాయామం వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదని 2017లో తేలింది. అది తెలిశాక కొత్త గుంపులో పడితేనే అదృష్టం అనే భ్రమ పోయింది.

ఎవరైనా ఫైలుతో వస్తే సీటీఆర్ఐ (ట్రయల్స్ వివరాలు నమోదు చేసే మన దేశపు రిజిస్ట్రీ) నంబరు అడగండి, 2009 నుంచి మన దేశంలో ట్రయల్స్ అక్కడ నమోదు చేయాల్సిందే. ఫారంలో ఎథిక్స్ కమిటీ వాళ్ల (ట్రయల్‌లో రోగులకి అన్యాయం జరక్కుండా చూసేవాళ్లు) ఫోన్ నంబరు కూడా చూసుకోండి. నేనైతే వెంకన్నకి కూడా మొక్కుకున్నా, మెట్లెక్కడం కుదరదు కాబట్టి బస్సులోనే వెళ్తాం.

ఆరో నెలలో ట్రయల్ వాళ్లు ఫోన్ చేశారు. మా ఆయన ఎత్తి "ఆ, బాగానే ఉందండీ, నడుస్తోంది" అని చెప్పుకుపోతుంటే ఫోన్ లాక్కున్నా. "నే...ను చెప్తా" అన్నాను. ఫోన్ చేసిన అమ్మాయి ఏ తొందరా పడకుండా లైన్లోనే ఉంది.