తార్నాకలో ఐదేళ్లు

నిన్న వైవా అయిపోయింది. నిజాం కాలపు చెరువుల మీద నా పీహెచ్‌డీ. 1880ల దాకా హైదరాబాద్ రాజ్యం పాలన ఫారసీలో, ఆ తర్వాత ఉర్దూలో. ఆ రెండూ నేర్చుకోవడానికే రెండేళ్లు పట్టింది. గొలుసుకట్టుగా వేగంగా రాసే శికస్తా రాతలో, అక్షరాల్ని వేరుచేసే చుక్కలు కూడా చాలాసార్లు ఉండవు! హైదరాబాద్ తార్నాకలో పాత ప్రభుత్వ పత్రాలు దాచే రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఒకరోజు మా ఊరి చెరువు పేరు కనిపించింది. తెగిన కట్ట బాగుచేయించమని రైతులు పెట్టుకున్న అర్జీ. చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) ఉంది కాబట్టి నిలబడ్డాను. 2023 నుంచి అది నెలకు 37,000. అది లేక, గెస్ట్ లెక్చరర్లుగా చేస్తూ థీసిస్ రాసిన మిత్రులది నాకన్నా పెద్ద కష్టం.

"తర్వాత ఏంటమ్మా?" అన్నారు నాన్న. డిగ్రీ కాలేజీ నోటిఫికేషన్ కోసం చూస్తాను. మ్యూజియాలు, ఆర్కైవ్స్, నాగపూర్‌లోని అరబ్బీ-ఫారసీ శాసనాల విభాగం, ఎక్కడ ఖాళీ పడినా అప్లై చేస్తాను. టెన్షన్ ఉంది. ముందు మాత్రం ఆ అర్జీకి తెలుగు చేసి, ఊరికి తీసుకెళ్లి చదివి వినిపించాలి.