సాంభర్‌ల బాటి అడిగితే

జైపూర్‌ల మూడు రోజులున్న, కోటలు గిటలు అందరూ రాసినవే, వదిలేస్తున్న. నేను పోయిందే జైపూర్ దగ్గరి ఉప్పు చెరువు సాంభర్ కోసం. మన పెద్దోళ్లు మార్వాడ్ దిక్కు నుంచి ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట వచ్చినోళ్లురా అని మా నాయనమ్మ చిన్నప్పటి నుంచి చెప్తుండేది. లంబాడీ అన్న పేరు లవణం నుంచే వచ్చిందని కూడా అంటరు.

సాంభర్ లేక్ స్టేషన్‌ల దిగితే ఉప్పుమళ్ల దాకా ఆటోకు 400 అన్నడు, రైలు టికెట్‌కు దానికి పొంతనే లేదు, ఆ కోపంల ముందు తిందామని పక్కన దాబాల కూసొని బాటి చెప్పిన. మా తండాల బాటి అంటే జొన్నరొట్టె. ఇక్కడ ప్లేట్ల వచ్చినయి నెయ్యి కారుతున్న గోధుమపిండి ఉండలు, 180 రూపాయలు! ఇది బాటి కాదు అని నేను గట్టిగనే అన్న, ఎదురు బల్ల మీది ముసలాయన ఏ ఊరు బేటా అన్నడు. తెలంగాణ, బంజారా అని చెప్పిన. గోత్రం అడిగిండు. రాథోడ్ అనంగనే లేచొచ్చి నా చెయ్యి పట్టుకున్నడు, వాళ్లూ రాథోడ్‌లే. నా కళ్లల్ల నీళ్లొచ్చినయి, నిజంగ.

గంటన్నర మాట్లాడినం. వాళ్ల తాత గాడిదల మీద ఉప్పు, ముల్తానీ మట్టి వేసుకొని ఊరూరు తిరిగేటోడంట. మావోళ్లేమో మొఘల్ సైన్యాలకు ధాన్యం మోసుకుంట దక్కన్‌కు దిగి ఇటే ఉండిపోయిన్రు. మా తండాకు సీసీ రోడ్డు పడ్డది, 2018ల గ్రామపంచాయతీ కూడా అయిందని చెప్తే ఆయన కాసేపు ఏం అనలే. తర్వాత, మా తాత నోట తండా అంటే నడిచేది బేటా, వందల ఎద్దులు, ముందు నాయక్, ఎక్కడ చీకటి పడితే అక్కడ దిగుడు అన్నడు. మా దిక్కు ఆ బతుకును లదేణి అంటరు, ఆ మాట చెప్తే మళ్లీ అను అని రెండుసార్లు అనిపించుకున్నడు.

1870ల ఇంగ్లీషోళ్లు జైపూర్, జోధ్‌పూర్ రాజుల దగ్గర ఈ చెరువును కౌలుకు తీసుకున్నరు. ఉప్పు వాళ్ల చేతికి పోయింది, మోత రైలుకు పోయింది, ఎద్దులకు పని లేకుండ అయింది. 1871ల నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తర్వాత చాలా చోట్ల మావోళ్లను దాంట్ల ఎక్కించిన్రు. తరాలుగ ఊర్లకు ఉప్పు అందించినోళ్ల మీద దొంగలన్న ముద్ర, నాకైతే ఇప్పటికీ మింగుడు పడదు.

ఉప్పుమళ్లు చూసేసరికి పొద్దు గూకింది, తెల్లగ కనుచూపు మేర. తిరుగు రైలుల సీటు దొరకలే, నాయనమ్మ ఫోటో ముందు పెడదామని కొన్న కిలో ఉప్పు బ్యాగుల పెట్టుకొని డోర్ దగ్గరనే నిలబడ్డ.