ఆనీ ఓక్లీ గురి ఎట్ల కుదిరింది

అమెరికాలో బఫెలో బిల్ అనే ఆయన నడిపిన, గుర్రపుస్వారీలూ తుపాకీ ఆటలూ చూపే ‘వైల్డ్ వెస్ట్’ ప్రదర్శనలో 1885 నుంచి అందరికన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్న షూటర్ ఆనీ ఓక్లీ. మనిషి ఐదడుగులే. ఆమెకు దేవుడిచ్చిన కన్ను ఉందని రాసేవాళ్లు చాలామంది. నా దృష్టిలో అది ఆమె కష్టాన్ని తక్కువ చేయడమే. ఆమె ఆడిన ప్రతి ఆట వెనక ఒక లెక్క ఉంది, ఆ లెక్కను విడమరిచి చెప్పుకోవచ్చు.

1860 ఆగస్టు 13న ఒహాయో రాష్ట్రం డార్క్ కౌంటీలో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఇల్లు గడవక కొన్నాళ్లు పేదల ఆశ్రమంలో ఉంచారు. తిరిగొచ్చాక కౌజు పిట్టలు, కుందేళ్లు కొట్టి గ్రీన్‌విల్‌లోని కిరాణా దుకాణానికి అమ్మింది. ఆమె చదువంతా ఇక్కడే జరిగింది. పిట్ట ఒంటికి దెబ్బ తగిలితే మాంసంలో సీసం ఉండిపోతుంది, తినేవాడి పంటికి తగులుతుంది, ఆ దుకాణంలో కొన్న హోటలువాడు మళ్లీ కొనడు. అందుకని తలకే కొట్టాలి. మందూ సీసమూ పైసలు పెట్టి కొన్నవే, వృథా చేయడానికి లేదు. ఆ సంపాదనతోనే పదిహేనేళ్ల వయసులో తల్లి పొలం మీది తనఖా విడిపించింది. పేరున్న షూటర్ ఫ్రాంక్ బట్లర్‌ను పందెంలో ఓడించి, తర్వాత అతన్నే పెళ్లాడింది. ఆ పైన మేనేజరు పనులన్నీ అతనివే, వేదిక మీద పేరంతా ఆమెది.

ఇక గాలిలోకి విసిరిన గాజు బంతులను కొట్టే ఆట. రెండున్నర అంగుళాల బంతి, లోపల ఈకలు నింపి ఉండేది, పగిలిందని దూరం నుంచి కూడా తెలియాలి కదా. పైకి విసిరిన బంతి శిఖరం దగ్గర వేగం మొత్తం పోగొట్టుకుంటుంది. శిఖరానికి పదో వంతు సెకను ముందు నుంచి పదో వంతు సెకను తర్వాత దాకా అది పైకి లేచి కిందికి దిగేది 5 సెంటీమీటర్ల లోపే, అంటే దాని వెడల్పు కూడా కాదు. ట్రిగ్గర్ ఆ సందులో పడాలి. తొందరపడితే బంతి ఇంకా పైకి పోతుంటుంది, గుండు కింద నుంచి పోతుంది. ఆలస్యమైతే బంతి జారుతుంది, గుండు పైనుంచి పోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా ఆలస్యంతోనే తప్పుతారు, ఎందుకంటే బంతి ఆగిందని కన్ను చెప్పాక వేలు కదిలించాలని చూస్తారు. బంతి లేస్తుండగానే తుపాకీ దానితోపాటు లేవాలి.

1884లో ఆమె .22 రైఫిల్‌తో 1000 బంతుల్లో 943 పగలగొట్టింది. మరుసటి ఏడాది, ఒక్కసారికి బోలెడు సన్న గుండ్లు (పెల్లెట్లు) చిమ్మే షాట్‌గన్‌తో, తన తుపాకులు తనే నింపుకుంటూ, ఒకే రోజు 5000లో 4772. నల్ల తుపాకీమందు రోజులవి. పేల్చిన కొద్దీ గొట్టంలో మసి పేరుకుంటుంది, ఇనుము వేడెక్కుతుంది, గాలి లేకుంటే పొగ తెర కట్టి తర్వాతి బంతి కనబడదు. ఆ భుజం ఎంత ఓర్చుకుందో ఆలోచించండి.

ప్రదర్శనలో బంతులకు రైఫిల్ గుండుకు బదులు సన్న పెల్లెట్లు వాడేవారు కాబట్టి అంతా మోసమే అనే మాట ఒకటి ఉంది. అది అన్యాయం. చుట్టూ జనం కూర్చున్న చోట రైఫిల్ గుండు గురి దాటితే కిలోమీటరు పైగా పోతుంది. సన్న పెల్లెట్లు కొంచెం దూరంలోనే బలం పోయి రాలిపోతాయి. అది జనం ప్రాణాల కోసం తీసుకున్న జాగ్రత్త. రైఫిల్ గుండుతో ఏం చేయగలదో ఆ 943 చెప్తుంది.

అద్దంలో చూస్తూ వెనక్కి కొట్టే ఆటలో చిక్కు వేరే. తుపాకీని భుజం మీద వెనక్కి పెట్టి, బట్‌ను, అంటే తుపాకీ పిడి చివరను, ముందు చేత్తో పట్టుకుంటారు. భుజం ఇరుసు అవుతుంది. చేయి ఎడమకు జరిపితే గొట్టం మూతి కుడికి పోతుంది. పైగా అద్దం ఒక డిగ్రీ వంగితే అందులో బొమ్మ రెండు డిగ్రీలు జరుగుతుంది. అద్దం పట్టిన చేయి కదలకుండా నిలబడడమే అందులో సగం పని.

ఐనవోలు జాతరలోనో మేడారంలోనో బెలూన్ల దుకాణం ముందు ఎయిర్‌గన్ పట్టినప్పుడు కూడా ఈ పద్ధతే పనికొస్తుంది. ఆ తుపాకీ గొట్టాన్ని మడిచి మడిచి మడతబందు వదులై ఉంటుంది, గొట్టం కొంచెం కిందికి వాలుతుంది, గుండూ కిందికే పోతుంది. మొదటి గుండు బెలూన్‌కు కాకుండా పలక మీద ఒక మరకకు కొట్టి, ఎంత కింద పడిందో చూసుకోండి. రెండోదానికి అంత పైన గురి పెట్టండి. పేల్చగానే తల ఎత్తొద్దు, స్ప్రింగ్ కుదుపు మొదలయ్యేసరికి గుండు ఇంకా గొట్టంలోనే ఉంటుంది.

1901లో రైలు ప్రమాదంలో దెబ్బలు తగిలి ఆ ప్రదర్శన వదిలేసింది, తుపాకీని మాత్రం వదల్లేదు. 1922లో, 62 ఏళ్ల వయసులో, నార్త్ కరోలినా రాష్ట్రం పైన్‌హర్స్ట్‌లో 16 గజాల నుంచి, గాలిలోకి ఎగరేసిన 100 మట్టి బిళ్లలు వరసగా పగలగొట్టింది. వేలమంది ఆడవాళ్లకు షూటింగ్ నేర్పింది.

ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది మాత్రం కోర్టులో జరిగింది. 1903లో షికాగోలో ఎవరో స్త్రీ దొంగతనం కేసులో దొరికి తన పేరు ఆనీ ఓక్లీ అని చెప్పింది. కొకైన్ కోసం ఆనీ దొంగతనం చేసిందని పత్రికలు దేశమంతా అచ్చేశాయి. ఆమె 55 పత్రికల మీద పరువునష్టం దావా వేసి, ఊరూరా తిరిగి సాక్ష్యం చెప్పింది. ఆ పని ముగిసేసరికి 1910 వచ్చింది. ఒక్క కేసు తప్ప అన్నీ గెలిచింది. వచ్చిన పరిహారం కన్నా ప్రయాణాలకు, లాయర్లకు పెట్టిన ఖర్చే ఎక్కువ.