ఫిక్చర్ అసెంబ్లీకి అప్రూవల్: నా అనుభవం

సాయంత్రం అప్రూవల్ మెయిల్ వచ్చింది. కోపం చల్లారక ముందే రాసేస్తున్నా.

మాది బాలానగర్‌లో చిన్న డిజైన్ ఆఫీసు. గేర్‌బాక్స్ హౌసింగ్‌ని (బయటి పెట్టెని) సీఎన్‌సీ మెషీన్ మీద కదలకుండా పట్టుకునే ఫిక్చర్, సాలిడ్‌వర్క్స్ అనే 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేశాను. పార్టులు గీయడం చకచకా అయిపోయింది. బేస్ ప్లేటు ఫిక్స్ చేసి, మిగతావి మేట్లతో, అంటే పార్టుల్ని ఒకదానికొకటి కట్టే షరతులతో, కూర్చాను. హౌసింగ్‌ని సరైన చోట నిలిపే లొకేటింగ్ పిన్నుకి కాన్సెంట్రిక్ (రంధ్రంతో ఒకే అక్షం), కోయిన్సిడెంట్ (ముఖానికి ముఖం ఆనడం) రెండూ ఇస్తే ఆరు కదలికల్లో తన చుట్టూ తాను తిరగడం ఒక్కటే మిగులుతుంది. దాంతో నష్టం లేదు.

రివ్యూ రోజున కస్టమర్ తరఫు పెద్దాయన తన స్క్రీన్ మీద ఇంటర్‌ఫియరెన్స్ డిటెక్షన్ (పార్టులు ఒకదాంట్లో ఒకటి దూరాయేమో చూసే చెక్) నొక్కారు. చాంతాడంత లిస్టు, మోడలంతా ఎరుపు. "ఏంటి బాబూ, పార్టులన్నీ ఒకదాంట్లో ఒకటి దూరిపోయాయి! కాలేజీలో ఇదేనా నేర్పింది?" కొత్తగా చేరిన పిల్లలంతా వింటున్నారు. మా సార్ నోరెత్తలేదు.

బోల్టుల సంగతి నాకు తెలుసు. ఎం8 (8 మి.మీ.) బోల్టు కోసం ట్యాపింగ్‌కి, అంటే రంధ్రంలో మరలు కోయడానికి, ముందు వేసే డ్రిల్లు 6.8 మి.మీ. మోడల్లో మరలు చెక్కం కదా, 8 మి.మీ. నున్నటి బోల్టు ఆ రంధ్రంలో పెడితే ఎరుపు రాక ఏమొస్తుంది? చెప్పబోతే "వాదించకు" అన్నారు. కానీ మిగతా ఎరుపు ఎక్కడిది? నా సిస్టమ్‌లో బోల్టులు తప్ప ఏమీ రావట్లేదు. రాత్రి మీటింగ్ రికార్డింగ్ ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తే దొరికింది. ఆయన 'ట్రీట్ కోయిన్సిడెన్స్ యాజ్ ఇంటర్‌ఫియరెన్స్' దగ్గర టిక్కు పెట్టుకున్నారు. అంటే ప్లేటు మీద బ్లాకు ఆనినా నేరమే! ఆనకుండా గాల్లో తేలాలా ఫిక్చరు?

టిక్కు తీసేసి, 'క్రియేట్ ఫాస్టెనర్స్ ఫోల్డర్' పెట్టాను. బోల్టులన్నీ పక్క ఫోల్డర్‌లోకి పోయాయి, లిస్టు ఖాళీ. స్క్రీన్‌షాట్లు పంపితే "నోటెడ్. అప్రూవ్డ్." అంతే. సారీ మాట మాత్రం లేదు.

రివ్యూకి వెళ్లేవాళ్లు ముందే రన్ చేసి, ఆప్షన్లు కనబడేలా స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి. మౌసు మాత్రం అవతలివాళ్ల చేతికివ్వకండి.

ఇంకోటి. ఈ చెక్ పార్టులు ఆ క్షణంలో ఉన్న పొజిషన్‌నే చూస్తుంది. హౌసింగ్‌ని నొక్కి పట్టే మా చేయి స్వింగ్ క్లాంపు, 90 డిగ్రీలు తిరుగుతుంది. తెరిచినప్పుడు హౌసింగ్‌కి తగలదా, హౌసింగ్‌ని పైకి తీయడానికి దారుందా అన్నది అసలు ప్రశ్న. తెరిచి ఒకటి, మూసి ఒకటి కాన్ఫిగరేషన్లు (ఒకే మోడల్‌కి వేర్వేరు రూపాలు) పెట్టి, రెండింట్లోనూ చూసి మరీ పంపాను. అది మాత్రం ఆయన అడగనే లేదు.